మూడు చుక్కల కోసం మూడేళ్లు: పాత రికార్డులు వెతికి భూమి కేసు నడిపిన నా అనుభవం

2022 ఆగస్టు 17న నోటీసు ఇచ్చే కోర్టు అమీనా మా ఇంటికి వచ్చేసరికి బాపు అరుగు మీద కూచుని మధ్యాహ్నం గోలీ వేసుకుంటున్నాడు. పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాదిన్నర. కవరు తీసుకుని సంతకం పెట్టింది నేనే. దావాలో బాపు మొదటి ప్రతివాది, నేను రెండో ప్రతివాదిని. మా మూడెకరాల ఇరవయ్యారు గుంటల భూమిలో ఒక ఎకరం బాపు నా పేరున రాసిచ్చాడు కాబట్టి నన్నూ కలిపారు. దావా పద్నాలుగు పేజీలు. ఆ భూమి, అంటే సర్వే నంబరు 212, దావా వేసినవాళ్ల తాతదని, మేము మధ్యలో పాసుబుక్కు చేయించుకున్నామని, హక్కు తమదని ప్రకటించాలని అందులో ఉంది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. అమ్మ మాత్రం పదే పదే ఒకే మాట అన్నది. "ఎనభై ఏండ్ల సంది దున్నుకుంట వస్తిమి, ఇప్పుడు మాది కాదంటె ఎట్ల?"

వాళ్ల వాదనకు ఆధారం ఒక్కటే కాగితం, ఉర్దూలో ఉన్న సేత్వార్ (సర్వే నంబర్ల వారీగా పట్టాదారుల పేర్లు రాసిన పాత సర్వే రిజిస్టరు) నకలు, దాని తెలుగు అనువాదం. పాత రికార్డుల్లో ఇంటిపేర్లు రాయరు. మనిషి పేరు, 'వల్ద్' అని పెట్టి తండ్రి పేరు, అంతే. మా తాత పేరు, వాళ్ల తాత పేరు ఒకటే. మా ముత్తాత పాపయ్య. వాళ్ల ముత్తాత బాపయ్య. వాళ్లు జతచేసిన అనువాదంలో 'వల్ద్ బాపయ్య' అని ఉంది. ఒక్క అక్షరం. కేసంతా ఆ అక్షరం మీదే నిలబడిందని మాకు అర్థమవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అప్పుడు నేను ఎవరైనా వరుసగా ఏం జరుగుతుందో చెబితే బాగుండునని వెతికాను. దొరికినవన్నీ చట్టం సెక్షన్లే. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వకీలు సారు మొదటిరోజు అడిగింది: "లింకు కాగితాలు ఏమున్నయమ్మా?" మా దగ్గరున్నవి పాసుబుక్కు, 1985 తర్వాతి పహాణీలు (ఏటా భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు) కొన్ని, శిస్తు రసీదులు, ఒక ఉర్దూ జిరాక్సు. అది తాత భూమి కొన్న దస్తావేజుది. అసలు చెదలు తినేశాయి. బాపు ఒక డబ్బాలో రెండు వేళ్ల వెడల్పు ముక్క దాచి ఉంచాడు, నిజాం సర్కారు స్టాంపు సగం, కింద రెండు పంక్తులు. చిన్నప్పుడు ఎందుకు దాస్తున్నావని అడిగితే "తాత చెయ్యి" అనేవాడు. ఆ ముక్క పనికొస్తుందని అప్పుడు నేను అనుకోలేదు.

సారు అన్నది గుర్తుంది. నిరూపించాల్సిన బరువు దావా వేసినవాళ్ల మీదే ఉంటుంది, కానీ మనం ఊరికే కాదు కాదంటూ కూచుంటే జడ్జిగారి ముందు వాళ్ల కాగితం ఒక్కటే మిగులుతుంది. జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 దాకా. మేం 58వ రోజున వేశాం. ఆ తొందరలో ఒక తప్పు జరిగింది. దాని సంగతి కిందికి వస్తుంది.

సెప్టెంబర్ 5న తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మండలం స్థాయిలో ఫీజు ఐదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది. పేజీకి రెండు రూపాయలు. అడిగినవి: 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి చెస్సల పహాణీ, సేత్వార్, వసూల్ బాకీ (పాత, కొత్త సర్వే నంబర్లు పక్కపక్కన చూపే రిజిస్టరు), విరాసత్ మిసిళ్లు (వారసుల పేరున పట్టా మార్చిన ఫైళ్లు). జవాబు అక్టోబర్ 10న వచ్చింది. ఒక్క వాక్యం: 'మీరు కోరిన రికార్డు ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు.'

అది చదివి రికార్డే లేదనుకుని ఏడ్చాను. వకీలు సారు దగ్గర పనిచేసే ముసలి గుమాస్తా ఓదార్చి అసలు సంగతి చెప్పాడు. 'ఇక్కడ లేదు' అంటే 'ఎక్కడా లేదు' అని కాదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత తాలూకా కాగితాల బస్తాలు కొన్ని కొత్త మండలాలకు వెళ్లాయి, కొన్ని పాతచోటే ఉండిపోయాయి. 2016లో జిల్లాలు చీలినప్పుడు మళ్లీ అదే జరిగింది. కాబట్టి మన భూమి ఇప్పుడు ఏ మండలంలో ఉందో కాదు, ఆ కాగితం రాసిన ఏడాదిలో ఏ తాలూకాలో ఉండేదో చూసుకుని అక్కడ అడగాలి. ఈ ఒక్క మాట మొదటే తెలిసి ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి. రెండో దరఖాస్తు పాత జిల్లా కేంద్రానికి పెట్టాను. అందులో 'మీ వద్ద లేనిచో సెక్షన్ 6(3) ప్రకారం ఉన్న కార్యాలయానికి బదిలీ చేయగలరు' అని రాయించాడాయన. ఆ సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లో పంపాలి, ఊరికే లేదని తిప్పి పంపడానికి లేదు.

ఆ ఎదురుచూపులోనే పట్వారీ ఇంటికి పోయాను. 1984 జనవరిలో పట్వారీల వ్యవస్థ రద్దయినప్పుడు చాలా ఊళ్లలో కాగితాలు పూర్తిగా అప్పగించలేదని, ఇళ్లలో ఉండిపోయాయని అందరూ అంటారు. మా ఊరి పట్వారీ చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన కోడలు, ఎనభై దాటిన మనిషి, ఎవరి బిడ్డవని అడిగి, చాయ తాగించి, "గా సందూకల జూడు బిడ్డా, ఎలుకలు కొట్టంగ మిగిలినయి" అన్నది. మధ్యాహ్నమంతా దుమ్ములో వెతికితే ఒక పొడుగాటి పట్టీ దొరికింది. రెండు గడులు, ఎడమవైపు సాబిక్ నంబరు, కుడివైపు హాల్ నంబరు. అంటే పాత సర్వే నంబరు, కొత్త సర్వే నంబరు. 87 ఎదురుగా 212.

తాత దస్తావేజు జిరాక్సులో ఉన్న నంబరు 87. అవతలివాళ్లు 'ఆ దస్తావేజు వేరే భూమిది' అంటున్నది అందుకే. నేను ఆ పట్టీ పట్టుకుని పరుగున వెళితే సారు చూసి, "ఇది కోర్టుల నిలువదమ్మా. ఒకరి ఇంట్ల దొరికింది, సంతకం లేదు, ముద్ర లేదు. కానీ ఏం వెతకాల్నో చెప్పింది" అన్నాడు. అసలు చోట ఉన్న వసూల్ బాకీ రిజిస్టరు నుంచి ఇదే లెక్క ధ్రువీకరించిన నకలు కావాలి. మనసు చివుక్కుమన్నది. తర్వాత ఆలోచిస్తే ఆ రోజు దొరికిన పట్టీ లేకపోతే వసూల్ బాకీలో ఏ వరుస చూడాలో కూడా మాకు తెలిసేది కాదు.

నవంబర్ 21న రిజిస్ట్రేషన్ ఆఫీసు. కంప్యూటర్లో ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి చేతిరాత ఇండెక్సుల్లో వెతకాలి. పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు ఒకటి. నేను ఆస్తి మీద వెతకమన్నాను, ఊరి పేరు రాసిన తీరు వేరుగా ఉండి దొరకలేదు. మళ్లీ ఫీజు కట్టి అమ్మినవాడి పేరు మీద వెతికించాను, దొరికింది. దస్తావేజు నకలు కోసం 46 రోజులు. 2023 జనవరి 6న చేతికి వచ్చింది. ఒకటి తెలుసుకోండి: రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉండేది గుమాస్తా తిరగరాసిన ప్రతి. అందులో తాత వేలిముద్ర ఉండదు, 'నిశానీ అంగూఠా' అన్న మాట మాత్రం ఉంటుంది. వేలిముద్ర చూస్తానని ఎంతో ఆశపడి వెళ్లాను.

తర్వాతి దెబ్బ సారు చెప్పాడు. 30 ఏళ్లు దాటిన కాగితాన్ని సాక్షి లేకుండా నమ్మే వెసులుబాటు చట్టంలో ఉంది గానీ, అది సరైన చోటి నుంచి వచ్చిన అసలు కాగితానికి. నకలుకు ఆ వెసులుబాటు రాదు. అసలు ఉండేదని, పోయిందని ముందు మనం చెప్పి ఒప్పించాలి, అప్పుడే నకలు తీసుకుంటారు. "అసలుది చెదలు తిన్నదనడానికి ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. బాపు డబ్బా గుర్తొచ్చింది. ఆ ముక్క మీద మిగిలిన రెండు పంక్తులు రిజిస్ట్రేషన్ నకల్లో ఎనిమిదో, తొమ్మిదో పంక్తులతో అక్షరం అక్షరం సరిపోయాయి. బాపుకు చెబితే మాట సరిగా రాని మనిషి ఎడమచేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

సేత్వార్, వసూల్ బాకీ నకళ్లకు జనవరి 23న సర్వే శాఖకు దరఖాస్తు పెట్టాం. మార్చి 15న వచ్చాయి. రెండూ ఉర్దూ, చేతిరాత. మా వీధిలో ఉర్దూ మీడియంలో చదివిన సలీం చాచాకు చూపించాను. ఆయన అద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "బేటీ, ఇది షికస్తా రాత, నాకు రాదు. ఈ లెక్కలేమో రఖం, ఇప్పుడెవరు చదువుతరు?" అన్నాడు. ఉర్దూ తెలిసినవాళ్లందరూ ఈ కాగితాలు చదవలేరన్నది అప్పుడే తెలిసింది. గొలుసుకట్టుగా రాసిన ఆ రాతలో చుక్కలు సగం ఎగిరిపోతాయి. డబ్బు, విస్తీర్ణం మామూలు అంకెల్లో కాకుండా రఖం అనే గుర్తుల్లో ఉంటాయి. వాటిని వేరే నేర్చుకోవాలి.

ఏప్రిల్ మొదటివారం హైదరాబాద్ వెళ్లాను. తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌కు మొదటిసారి పోవడం. షాజహాన్, ఔరంగజేబు కాలం కాగితాలు కూడా భద్రంగా ఉన్న చోటు అది. మా ఊరి విరాసత్ మిసిల్ అక్కడ ఉంటుందేమోనని వెళ్లాను. అక్కడివాళ్లు నా జాబితా చూసి, తాలూకా స్థాయి మిసిళ్లు జిల్లా రికార్డు రూములోనే అడగాలని, ఇక్కడ ఉండేవి పైస్థాయి శాఖల కాగితాలని ఓపికగా వివరించారు. వట్టి చేతులతో వచ్చాననిపించలేదు. ఎక్కడ వెతకకూడదో తెలియడం కూడా నాకు ఆ రోజు ఊరటే.

పాత కాగితాలు చదివే ఒక పెద్దాయన గురించి ముసలి గుమాస్తా చెప్పి పంపాడు. పాతబస్తీలో ఉంటారు. ఉద్యోగమంతా రికార్డుల మధ్యే గడిపి రిటైరైన మనిషి. పేజీకి ఆరు వందలు తీసుకుంటారు, తప్పుంటే డబ్బు వద్దంటారు. నేను జిరాక్సులు బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని పక్కకు జరిపి, ధ్రువీకరించిన నకలు ఉందా అన్నారు. ఇచ్చాను. అదీ చూసి, "ఇది కూడా ఫొటోనే కద. అసలు రిజిస్టర్ మీరు చూసిన్రా?" అని అడిగారు. లేదన్నాను.

అప్పుడాయన తెల్లకాగితం తీసుకుని నాకు పాఠం చెప్పారు. ఉర్దూలో మాట మొదట వచ్చే 'బ'కూ 'ప'కూ ఆకారం ఒకటే, చిన్న పన్నులాంటి గీత. కింద ఒక చుక్క పెడితే 'బ', మూడు చుక్కలు పెడితే 'ప'. కానీ వేగంగా రాసే గుమాస్తా మూడు చుక్కలు విడివిడిగా పెట్టడు. కలం ఎత్తకుండా చిన్న కొక్కెంలా లాగుతాడు. రెండు చుక్కలైతే అడ్డగీత. ఆ కొక్కేనికి సన్నటి తోక ఉంటుంది. ఫొటోలో, జిరాక్సులో ముందు పోయేది ఆ తోకే. తోక పోతే మిగిలేది ఒక చుక్క. పాపయ్య బాపయ్య అయ్యేది అలా.

"మీ పేరు చూడకండి," అన్నారు. "మీ పేరు చూస్తే మీకు కావల్సిందే కనిపిస్తది. ఇదే పేజీల ఇదే చెయ్యి రాసిన వేరే మాటలు చూడండి." ఆయన వేలు పెట్టి చూపించారు. 'పట్టా' అన్న మాట పేజీలో పదకొండు చోట్ల ఉంది. దాని అర్థంలో అనుమానం ఎవరికీ ఉండదు. దాని కింద గుర్తు ఎలా ఉంది? 'బంజర్' మూడు చోట్ల ఉంది. దాని కింద? నకలులో పట్టా కింద కొన్నిచోట్ల కొక్కెం స్పష్టం, కొన్నిచోట్ల వట్టి చుక్కే. అంటే నకలే గుర్తుల్ని మింగుతోంది. బంజర్ కింద మాత్రం ఎక్కడా కొక్కెం లేదు. "అసలు రిజిస్టర్ కోర్టుకు తెప్పించండి. నేను వచ్చి చెబుత. చూడకుండ ఇప్పుడు పాపయ్య అని రాసియ్యను" అన్నారు. ఆయన అలా రాసివ్వనందుకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

లేచి వస్తుంటే దస్తావేజు నకలు మీది తేదీ చూసి ఆగమన్నారు. 'ఖుర్దాద్ 1351 ఫస్లీ.' మా జవాబులో ఏమని రాశారని అడిగారు. 1941 అని చెప్పాను. ఫస్లీ అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం, ఇంగ్లీషు ఏడాది రావాలంటే దానికి 590 కలపాలని అందరూ చెప్పేదే, మా వాళ్లూ అదే కలిపారు. ఆయన తల అడ్డంగా ఊపారు. హైదరాబాద్ సంస్థానంలో ఫస్లీ ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్‌లో మొదలవుతుంది. ఆజూర్, దై, బహ్మన్ నెలలకు 590 కలిపితే సరిపోతుంది. ఇస్ఫందార్ నుంచి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది, 591 కలపాలి. ఖుర్దాద్ ఏడో నెల. అది 1942 ఏప్రిల్.

అది చిన్న తేడా కాదు. మా తాతకు అమ్మినాయన పేరున విరాసత్ అయింది 1351 ఇస్ఫందార్‌లో, అంటే 1942 జనవరిలో. అవతలివాళ్ల వకీలు ఆ సంగతి తెలుసుకుని, 'తనకు హక్కు రాకముందే 1941లో ఎలా అమ్మాడు?' అని మా జవాబును పట్టుకుని అప్పటికే వాదన తయారు చేసుకున్నాడు. మన చేత్తో మనమే రాసిచ్చిన తప్పు. జనవరిలో విరాసత్, ఏప్రిల్‌లో అమ్మకం, అంతా సవ్యంగానే జరిగింది. బస్సులో తిరిగి వస్తూ నెలల పేర్లు పన్నెండూ నోటికి పట్టాను. ఇప్పటికీ వస్తాయి.

వేసవి సెలవుల తర్వాత జూన్‌లో మూడు పిటిషన్లు వేశాం. జవాబులో తేదీ సవరణకు ఒకటి, ఆలస్యంగా దొరికిన కాగితాలు తీసుకోమని ఒకటి, అసలు రిజిస్టరు తెప్పించమని ఒకటి. అవతలివాళ్లు మూడింటికీ అడ్డుపడ్డారు. ఐదు నెలలు వాయిదాల్లో పోయాయి. ఒక వాయిదాకు జడ్జిగారు సెలవు, ఒకదానికి వకీళ్ల విధుల బహిష్కరణ, రెండింటికి అవతలివాళ్లు టైం అడిగారు. నవంబర్‌లో అనుమతి వచ్చింది. ఆలస్యానికి మేము అవతలివాళ్లకు 1,500 రూపాయలు కట్టాలన్నారు. కట్టాను. అది కడుతున్నప్పుడు వచ్చిన కోపం ఇంకా గుర్తుంది.

ఈ మధ్యలోనే పాత జిల్లా రికార్డు రూము నుంచి పిలుపు వచ్చింది. దరఖాస్తు పెట్టిన 11 నెలలకు. ముసలి గుమాస్తా ఆ గదిని ఇప్పటికీ ముహాఫిజ్‌ఖానా అంటాడు. ఎర్రగుడ్డ బస్తాలు పైకప్పుదాకా ఉన్నాయి. మేము వరుస తెలిపే నంబరు, ఫస్లీ, తాలూకా పేరు చీటీ మీద రాసి ఇచ్చాం కాబట్టి వెతికారు, లేకపోతే వెతికేవారు కాదని అక్కడి ఉద్యోగే చెప్పాడు. రెండు మిసిళ్లు దొరికాయి. ఒకటి అమ్మినాయన విరాసత్. రెండోది కొన్న తర్వాత తాత పేరున పట్టా మార్పుది. ఫొటో తీయనివ్వలేదు, పెన్సిల్‌తో రాసుకొమ్మన్నారు. రెండో మిసిల్లో నాలుగో కాగితం తాత బయాన్, అంటే వాంగ్మూలం. ఆ కాగితం కింద ఎడమ మూలన వేలిముద్ర. సిరా బ్రౌన్ రంగుకు తిరిగింది. ముద్రలో అడ్డంగా ఒక తెల్లగీత ఉంది, వేలి మీద కోసుకున్న మచ్చ. బాపు ఎప్పుడూ చెప్పేవాడు, తాతకు చిన్నప్పుడు కొడవలి తెగి బొటనవేలి మీద గీత ఉండేదని. నేను తాతను చూడలేదు. నేను పుట్టక ముందే పోయాడు. ఆ కాగితం తాకొచ్చా అని అడిగాను. ఆ ఉద్యోగి ఏమీ అనలేదు, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

2024 ఫిబ్రవరిలో సాక్ష్యాలు మొదలయ్యాయి. వాది పక్షం కాగితాలకు ఏ-1, ఏ-2 అని, మన కాగితాలకు బి-1, బి-2 అని నంబర్లు పడతాయి. అవతలి వకీలు నన్ను క్రాస్ చేసింది, అంటే ప్రశ్నలు అడిగింది, రెండు గంటలు. "మీకు ఉర్దూ వచ్చా?" రాదు. "ఈ దస్తావేజు మీ కళ్ల ముందు రాశారా?" లేదు. "మీ తాతను మీరు చూశారా?" లేదు. ఒక్కో 'లేదు'కూ లోపల కుంగిపోయాను, కేసు నేనే పాడుచేస్తున్నానని. బయటికొచ్చాక సారు, "బాగ చెప్పినవు. తెల్వనిది తెల్వదన్నవు. వాళ్లు కోరుకున్నది నువ్వు 'నాకన్నీ తెల్సు' అనాలెనని" అన్నాడు. చెదలు తిన్న ముక్క గురించి మాత్రం నాకు తెలిసింది చెప్పాను, డబ్బా ఎక్కడుండేదో, బాపు ఏమనేవాడో. అది బి-2గా నమోదైంది.

2024 జూలై 1 నుంచి సాక్ష్యాల చట్టం మారి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. మా కేసు అప్పటికే నడుస్తున్నది కాబట్టి పాత చట్టమే వర్తించింది. మళ్లీ మొదటికొస్తుందేమోనని వారం రోజులు భయపడ్డాను.

ఆగస్టులో అసలు సేత్వార్ రిజిస్టరు కోర్టుకు వచ్చింది. సర్వే ఆఫీసు ఉద్యోగి గుడ్డలో చుట్టి తెచ్చాడు. పెద్దాయన ఉదయం ఆరు గంటల బస్సుకు బయలుదేరి వచ్చారు. జడ్జిగారు భూతద్దం తెప్పించారు. పెద్దాయన తన చేత్తో రిజిస్టరు ముట్టుకోకుండా పేజీ, వరుస చెబుతుంటే జడ్జిగారే చూశారు. పట్టా అన్న పదకొండు చోట్లా కొక్కెం ఉంది. పటేల్ కింద ఉంది. పరంపోక్ కింద ఉంది. బంజర్ మూడు చోట్లా ఒట్టి చుక్క. 212 వరుసలో వల్ద్ తర్వాతి మాట కింద కొక్కెం ఉంది, సన్నటి తోకతో సహా. నేను దూరంగా నిలబడ్డాను, నాకేమీ కనబడలేదు. జడ్జిగారు మూడుసార్లు వంగి చూడడం మాత్రం కనబడింది.

అవతలి వకీలు అది సిరా మరక కావచ్చు కదా అన్నాడు. "కావచ్చు సార్. పదకొండు పట్టాల కింద కూడ అదే మరక పడాలె మరి" అన్నారు పెద్దాయన. 1958-59 పహాణీలో బాపయ్య అని తెలుగులోనే ఉందని వాళ్లు చూపారు. ఉంది, అది నిజం. సేత్వార్ నుంచి తెలుగులోకి దింపుకున్న ఎవరో కూడా అదే పొరపాటు చేశారు. దానికి మా దగ్గరున్న జవాబు రికార్డు రూము మిసిలే. అందులో పేరు, తండ్రి పేరు, దస్తావేజు తేదీ, పాత నంబరు 87, వేలిముద్ర అన్నీ ఒకేచోట ఉన్నాయి. వసూల్ బాకీ 87ను 212కు కలిపింది. ఒక్క కాగితం తీసేసినా గొలుసు తెగేదని వాదనల రోజు సారు జడ్జిగారికి చెబుతుంటే నాకు పట్వారీ కోడలి సందూక గుర్తొచ్చింది.

తీర్పు 2025 ఏప్రిల్ 21న వచ్చింది. దావా కొట్టేశారు. బాపుకు ఫోన్లో చెప్పాను. చాలాసేపు ఏమీ వినబడలేదు, తర్వాత అమ్మ ఫోన్ తీసుకుంది.

ఖర్చు దాచకుండా చెబుతాను. వకీలు ఫీజు నాలుగు విడతల్లో 75,000. నకళ్లు, వెతికింపు ఫీజులు, స్టాంపులు అన్నీ కలిపి 9,400. అనువాదం పదకొండు పేజీలకు 6,600, పెద్దాయన కోర్టుకు వచ్చిన ఖర్చు 3,000. నా ప్రయాణాలు, తిండి, పోగొట్టుకున్న జీతం రోజులు కలిపితే అరవై వేలకు తక్కువ కాదు. అమ్మ రెండున్నర తులాల గొలుసు 2023 జూలైలో కుదువ పెట్టాం, మొన్న విడిపించాం. ఇవి కాక రికార్డు వెతికి తీయడానికి రెండు చోట్ల చేతిలో పెట్టక తప్పలేదు. అది రసీదు లేని ఖర్చు, రాయకపోతే అబద్ధమవుతుంది.

ఇప్పుడు మీలో ఎవరైనా ఇలాంటి వెతుకులాట మొదలుపెడుతుంటే నా దగ్గర ఉన్న సలహాలు కొన్నే. నకలు తీసుకునేటప్పుడు మీ వరుస ఒక్కటే కాదు, పేజీ మొత్తం, పైన గడుల శీర్షికలతో సహా అడగండి. అవతలివాళ్లు ఇచ్చింది ఒక్క వరుసే, మిగతా పేజీ లేకపోతే పట్టాలూ బంజర్లూ పోల్చడానికి ఉండేవి కావు. బస్తా నంబరు, మిసిల్ నంబరు, పేజీ నంబరు అదే రోజు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫస్లీ తేదీ ఉంటే నెల చూడకుండా సంవత్సరం మార్చకండి. కాగితం చదివే మనిషికి మీకేం కావాలో ముందే చెప్పకండి.

తీర్పు నకలు 17 రోజులకు వచ్చింది. జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, నకలు కోసం ఎదురుచూసిన రోజులు అందులోంచి తీసేస్తారు. ఆ గడువు జూన్ రెండో వారంతో అయిపోయింది. వాళ్లు వేయలేదని సారు నిన్న చూసి చెప్పాడు. ఆలస్యానికి మాఫీ కోరుతూ వేయొచ్చని కూడా చెప్పాడు, అందుకే కాగితాలన్నీ వరుసగా ఒక ఫైలులో పెట్టి బీరువాలో ఉంచాను. చెదలు తిన్న ముక్క ఇంకా కోర్టులోనే ఉంది. దాన్ని వాపసు ఇమ్మని సోమవారం పిటిషన్ వేస్తున్నాం. బాపు రోజూ అడుగుతున్నాడు.